ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట



మార్కాపురం, కంభం, గిద్దలూరు బజార్లలో ఏ కంప్యూటర్ రిపేరు షాపు ముందైనా పది నిమిషాలు నిలబడండి. ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. "ఫార్మాట్ కొట్టాల్సిందే భాయ్." పెట్టె నెమ్మదిగా నడిచినా అదే దవా. ప్రింటర్ పలకకపోయినా అదే దవా. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు తప్ప ఇంకేమీ రాకపోయినా అదే దవా. మొదటి రెండింటి సంగతి ఈ రోజుకి వదిలేస్తాను. మూడోదాని గురించే నా మాటంతా. ఆ నల్ల తెర చూడగానే పెట్టె ఖతమ్ అయిందనుకుని ఇన్నా లిల్లాహి చదివేస్తున్నాం. చాలాసార్లు పెట్టె బతికే ఉంటుంది. లోపలి సామాను లోపలే, ఎక్కడిది అక్కడే ఉంటుంది. పోయింది ఒక్కడే, దర్వాజా దగ్గర నిలబడి లోపలికి దారి చూపించే దర్బాన్. వాడి పేరు బూట్ లోడర్. దర్బాన్ కనపడలేదని ఇల్లు కూలగొట్టించుకుని, పైగా కూలగొట్టినందుకు డబ్బులిచ్చి వస్తున్నాం.

మనది పలకల ఊరు. మార్కాపురం పలక మీద అలిఫ్ బే దిద్దిన పిల్లలు, ఓనమాలు దిద్దిన పిల్లలు ఎన్ని ఊళ్లలో, ఎన్ని దేశాల్లో ఉన్నారో. పలకకి ఉన్న గొప్ప గుణం తుడిచేస్తే మళ్లీ కొత్తది కావడం. ఆ అలవాటు మన చేతుల్లోంచి కంప్యూటర్ దాకా వచ్చేసిందేమో అనిపిస్తుంది నాకు. కానీ పలక మీద రాసింది పిల్లాడి బుర్రలోకి ఎక్కాకే తుడుస్తాం. కంప్యూటర్లో ఉన్న అబ్బాజాన్ ఆఖరి ఫోటో, అమ్మాయి నిఖా వీడియో, పొలం కాగజ్‌ల స్కాన్ ఎవరి బుర్రలోకి ఎక్కాయి చెప్పండి?

ముందు ఈ దర్బాన్ ఎవరో తెలుసుకుందాం. స్విచ్ నొక్కగానే కంప్యూటర్‌కి తన లోపల ఏముందో తెలియదు. బోర్డు మీద ఉండే చిన్న చిప్పులో కొంత బుద్ధి ఉంటుంది, పాత పెట్టెల్లో దాన్ని బయాస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. అది లేచి, మెమరీ ఉందా, కీబోర్డు ఉందా అని చూసుకుని, డిస్కు మొదట్లోకి వెళ్తుంది. పాత పద్ధతిలో డిస్కు మొట్టమొదటి ముక్క 512 బైట్లు. అందులో 446 బైట్లు దర్బాన్‌కి, 64 బైట్లు డిస్కులో ఏ గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిన పట్టికకి, మిగిలిన 2 బైట్లు ఇది సరైన పత్రమేనని వేసే ముహర్. అంతే. ఫోనులో మనం పంపుకునే ఒక 'జజాకల్లా ఖైర్' స్టిక్కర్ దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆ 446 బైట్లు పాడైతే ఐదొందల జీబీల డిస్కు మూగబోతుంది. నమాజ్‌లో తక్బీరె తహ్రీమా లాంటిది ఇది. క్షణంలో అయిపోతుంది, కానీ అది లేకుండా తర్వాతిదేదీ మొదలే కాదు.

లినక్స్ ఎక్కించిన పెట్టెల్లో ఈ దర్బాన్ పేరు ఎక్కువగా గ్రబ్. 1995లో ఎరిక్ బోలిన్ అనే ఆయన రాయడం మొదలుపెట్టాడు, తర్వాత గ్నూ వాళ్లు దాన్ని తమ పనిగా తీసుకున్నారు. ఒకే పెట్టెలో విండోస్, లినక్స్ రెండూ ఉంటే "హుజూర్, ఎటు తీసుకెళ్లమంటారు" అని అడిగేది ఇదే. ఇప్పుడు ఒక పాత పెట్టెలో విండోస్ మళ్లీ ఎక్కించారనుకోండి. విండోస్ తన దర్బాన్‌ని తెచ్చుకుని ఆ మొదటి ముక్కలో కూర్చోబెడుతుంది. పాతవాణ్ని లేపేస్తుంది. కొత్తవాడికి లినక్స్ గది ఉన్నదన్న ఖబరే లేదు. గది మాత్రం ఎక్కడికీ పోలేదు, తాళం కూడా వెయ్యలేదు. అటు దారి చూపించేవాడే లేడు.

ఇక అసలు ముచ్చట. కంభం వైపు ఒక పల్లె. పేరు వద్దు. అక్కడి మసీదు కమిటీకి ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, ఎవరో గల్ఫ్ నుంచి వచ్చినప్పుడు కొనిచ్చింది. మసీదుకి నాలుగెకరాల చిల్లర వఖ్ఫ్ భూమి, రోడ్డు మీద రెండు కొట్లు. వాటి కాగజ్‌లు తరాల నాటివి. ఇనాం పత్రాల నకళ్లు, ముంతఖబ్ కాపీ, అడంగల్ పేజీలు, కొట్ల కిరాయి రసీదులు. కొన్ని ఉర్దూలో, కొన్ని తెలుగులో, ఒకటీ అరా ఇంగ్లీషులో. సగం చెదలు తిన్నాయి. చెదలు తినకముందే సెక్రటరీ సాబ్ అల్లుడు ఓపిగ్గా అన్నీ స్కాన్ చేసి ఆ డెస్క్‌టాప్‌లో పెట్టాడు. ఎక్కడా రెండో నకలు లేదు. ఇది మన ఖాస్ బీమారీ, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

2025లో వఖ్ఫ్ సవరణ చట్టం వచ్చింది. జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచారు. దేశంలో ఉన్న ప్రతి వఖ్ఫ్ ఆస్తి వివరాలు ఆరు నెలల్లో దాంట్లో ఎక్కించాలన్నారు. డిసెంబరు 1న సుప్రీంకోర్టు గడువు పెంచడానికి ఒప్పుకోలేదు, ఇబ్బంది ఉన్నవాళ్లు ట్రిబ్యునల్ దగ్గరికి వెళ్లమంది. ఆ నెలల్లో మన పల్లెల ముతవల్లీలు పడిన పరేషానీ చూసినవాళ్లకే తెలుసు. సర్వే నంబరు ఒక కాగితంలో ఒకటి, ఇంకో కాగితంలో ఇంకొకటి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ కమిటీ పెట్టె తెరుచుకోలేదు.

ఏం జరిగిందంటే, పెట్టెలో జాగా చాలడం లేదని కమిటీ కుర్రాడొకడు డిస్కులో ఖాళీగా ఉన్న ఒక భాగాన్ని తీసేశాడు. ఖాళీదే కదా, నష్టం ఏముంది? మర్నాడు ఫజర్ తర్వాత స్విచ్ వేస్తే నల్ల తెర. "నో సచ్ పార్టిషన్" అని ఒక ముక్క, దాని కింద "గ్రబ్ రెస్క్యూ" అని ఇంకో ముక్క, పక్కన ఒక బాణం గుర్తు. సెక్రటరీ సాబ్ పెట్టెని స్కూటర్ మీద ముందు పెట్టుకుని టౌన్‌కి తెచ్చాడు. షాపులో చూసిన మనిషి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "డిస్క్ పోయింది సాబ్, ఫార్మాట్ కొట్టాలి." డిస్కే పోతే ఫార్మాట్ దేనికి కొడతావయ్యా అని అడిగే తెలివి ఆ గాభరాలో ఎవరికి ఉంటుంది! సదర్ సాబ్‌కి ఫోన్ చేసి అడగాలని వంక చెప్పి సెక్రటరీ సాబ్ పెట్టె వెనక్కి తెచ్చుకున్నాడు. అల్లా ఆయనకి ఖైర్ చెయ్యాలి, ఆ ఒక్క వంకే నాలుగెకరాల కాగజ్‌లని కాపాడింది.

గిద్దలూరులో ఆయన సాలీ కూతురు ఉంది, డిగ్రీ పిల్ల. ఫోన్‌లో అక్షరం అక్షరం చదివించుకుని వింది. "ఖాలూ, ఏదీ నొక్కొద్దు. కరెంటు తీసేసి పక్కన పెట్టండి. నేను ఆదివారం వస్తా" అంది. నిజంగానే ఆదివారం వాళ్ల అబ్బాతో కలిసి బస్సు దిగింది. చేతిలో ఒక్క పెన్‌డ్రైవ్. ఖబర్ కోసమని వెళ్లిన నేను జుహర్ దాకా అక్కడే కూర్చుండిపోయాను.

ఆ పిల్ల మొదట చేసిన పని రిపేరు కాదు. దాన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మొత్తం ఉంది. డిస్కుని ముట్టుకోకుండా, ఆ పెన్‌డ్రైవ్ నుంచే పెట్టెని లేపింది. దీన్ని లైవ్ అంటారు. ఇల్లు తాళం పడినప్పుడు కిటికీలోంచి చెయ్యి పెట్టి సామాను అందుకున్నట్టు, స్కాన్లున్న ఫోల్డర్ తెరిచి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి మొత్తం నకలు తీసింది. రెండు కాగజ్‌లు తెరిచి చూపించింది. సెక్రటరీ సాబ్ కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు, "ఇప్పుడు రిపేరు చేద్దాం, తప్పు జరిగినా ఫికర్ లేదు" అంది.

గ్రబ్ ఎందుకు తప్పిపోయిందో వినండి. పాత పద్ధతి డిస్కులో గదులకి వరుస నంబర్లుంటాయి. లినక్స్ ఆరో నంబరు గదిలో ఉంది. కుర్రాడు తీసేసిన ఖాళీ గది నంబరు ఐదు. ఐదు పోగానే ఆరు కాస్తా ఐదైపోయింది. గ్రబ్ చేతిలో మాత్రం ఆరో నంబరు చీటీయే ఉంది. మున్సిపాలిటీ వాళ్లు గల్లీలో డోర్ నంబర్లు మార్చాక పాత చిరునామాతో వచ్చిన పోస్ట్‌మ్యాన్ "ఈ నంబరు ఇల్లే లేదు" అని వెళ్లిపోడూ? ఇదీ అంతే. ఇల్లు ఉంది, మనుషులున్నారు, పొయ్యి మీద చాయ్ కూడా ఉంది.

ఆ పిల్ల పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ నల్ల తెరకి వచ్చింది. "ఎల్‌ఎస్" అని రెండక్షరాలు కొట్టింది. అంటే, ఉన్న గదులన్నీ చూపించు అని హుకుం. హెచ్‌డీ సున్నా కామా ఎంఎస్‌డాస్ ఒకటి, హెచ్‌డీ సున్నా కామా ఎంఎస్‌డాస్ ఐదు అని బ్రాకెట్లలో జవాబొచ్చింది. ఐదో దాని పేరు పక్కన బూట్, గ్రబ్ అన్న ఫోల్డర్ల దారి రాసి మళ్లీ అదే ఎల్‌ఎస్ కొట్టింది. ఫైళ్ల పేర్లు వరసగా దిగాయి. "దొరికింది ఖాలూ." తర్వాత నాలుగు వరసలు. "సెట్ రూట్" అని ఐదో గది పేరు. "సెట్ ప్రిఫిక్స్" అని ఆ గదిలో గ్రబ్ ఫోల్డర్ ఉన్న దారి. "ఇన్స్‌మాడ్ నార్మల్." "నార్మల్." ఎంటర్ కొట్టగానే రంగుల తెర వచ్చింది, దేన్ని తెరవమంటారు అని అడిగింది.

ఇది తాత్కాలికం. చీటీలో నంబరు నోటితో చెప్పాం కానీ రాసి ఇవ్వలేదు, ఆపేసి మళ్లీ వేస్తే మళ్లీ అదే గొడవ. అందుకే లినక్స్ లోపలికి వెళ్లాక టెర్మినల్ తెరిచి రెండు ఆజ్ఞలు కొట్టింది. మొదటిది "సుడో గ్రబ్-ఇన్‌స్టాల్", పక్కన డిస్కు పేరు. ఇది దర్బాన్‌ని మళ్లీ మొదటి ముక్కలో కూర్చోబెడుతుంది. రెండోది "సుడో అప్‌డేట్-గ్రబ్". ఇది పెట్టెలో ఏమేం వ్యవస్థలున్నాయో వెతికి కొత్త జాబితా రాస్తుంది. జాబితాలో విండోస్ పేరు కనపడకపోతే కంగారు వద్దు. కొత్త గ్రబ్‌లో పక్క వ్యవస్థల్ని వెతికే పని ముందే ఆపేసి ఉంటుంది. దాని సెట్టింగుల ఫైల్లో ఓఎస్-ప్రోబర్ అనే వరస సరిచేస్తే వస్తుంది. మొత్తం పని, నకలు తీసిన సమయం పక్కన పెడితే, ఒక చాయ్ చల్లారేలోపు అయిపోయింది.

డిస్కు పేరు దగ్గర జాగ్రత్త. మొదటి డిస్కు ఎక్కువగా ఎస్‌డీఏ అని ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ కొత్త రకమైతే ఎన్‌వీఎంఈ అని మొదలవుతుంది. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ5 అంటే గదులు. దర్బాన్ కూర్చునేది ఇంటి ముంగిట్లో, గదిలో కాదు. కాబట్టి ఈ పాత పద్ధతిలో నంబరు లేకుండా డిస్కు పేరు మాత్రమే ఇవ్వాలి. పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే అది ఎస్‌డీబీ కావచ్చు, ఒక్కోసారి అదే ఎస్‌డీఏ కూడా కావచ్చు. "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" అని కొడితే డిస్కులు, వాటి సైజులు కనిపిస్తాయి. సైజు చూసి గుర్తుపట్టండి, అందాజాగా కొట్టకండి.

నల్ల తెరలో గ్రబ్ రెస్క్యూ కూడా రాకపోతే, అంటే దర్బాన్ పూర్తిగా మాయమైతే, లైవ్ పెన్‌డ్రైవ్‌తోనే పని మొత్తం చెయ్యాలి. లినక్స్ ఉన్న గదిని "మౌంట్" ఆజ్ఞతో ఎంఎన్‌టీ అనే ఫోల్డర్‌కి తగిలించాలి. డెవ్, ప్రాక్, సిస్ అనే మూడు ఫోల్డర్లని "మౌంట్ బైండ్"తో దాని లోపలికి కలపాలి. తర్వాత "సీహెచ్‌రూట్" కొట్టాలి. ఈ మాట అర్థం, ఇప్పటి నుంచి నా ఇల్లు ఇదే అనుకో అని. మనం నిలబడింది పెన్‌డ్రైవ్‌లో, కానీ చేతులు పనిచేసేది డిస్కులో. అక్కడి నుంచి మళ్లీ పై రెండు ఆజ్ఞలే. కొత్త యూఈఎఫ్ఐ పెట్టెల్లో ఒక తేడా ఉంది. దర్బాన్ 446 బైట్లలో ఇరుక్కుని కూర్చోడు. ఈఎఫ్ఐ అనే చిన్న గది అతనికి విడిగా ఉంటుంది, దాన్ని కూడా బూట్ కింద ఈఎఫ్ఐ ఫోల్డర్‌కి తగిలించాకే సీహెచ్‌రూట్ చెయ్యాలి. పెన్‌డ్రైవ్‌ని కూడా యూఈఎఫ్ఐ పద్ధతిలోనే లేపాలి, లేకపోతే ఎంత కొట్టినా ఫాయిదా ఉండదు. కొత్త పెట్టెల్లో చాలాసార్లు ఇంత దూరం కూడా అక్కర్లేదు. ఎఫ్2, ఎఫ్12, డిలీట్ లాంటి ఏదో ఒక మీట నొక్కి లోపలికి వెళ్తే బూట్ వరసలో ఉబుంటు పేరు కిందికి జారిపోయి కనిపిస్తుంది. పైకి జరిపితే సరి.

విండోస్ ఒక్కటే ఉన్న పెట్టెకి కూడా ఇదే న్యాయం. విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌తోనే లేపి, రిపేర్ అన్నచోట కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే, బూట్‌రెక్, బీసీడీబూట్ అని దాని ఆజ్ఞలు దానికున్నాయి. ఇన్‌స్టాల్ అన్న పెద్ద బొత్తాం తెర మధ్యలోనే ఉంటుంది. రిపేర్ అన్నది ఎడమ పక్క మూలన చిన్నగా ఉంటుంది. మన కుర్రాళ్ల చెయ్యి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఒక్కోసారి తప్పు మన ఇంట్లో ఎవరిదీ కాదు. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత ప్రపంచమంతటా రెండు వ్యవస్థలున్న చాలా పెట్టెల్లో లినక్స్ తెరుచుకోలేదు. పాత దర్బాన్లలో ఉన్న ఒక భద్రతా లోపం కారణంగా వాళ్ల గుర్తింపు కార్డులు రద్దు చేసే అప్‌డేట్ అది. రెండు వ్యవస్థలున్న పెట్టెలకి ఇది వర్తించదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది, అయినా వర్తించింది. తెర మీద "సంథింగ్ హ్యాజ్ గాన్ సీరియస్‌లీ రాంగ్" అని వచ్చేది. అంత మాట చూస్తే ఎవరికి గుండె ఆగదు? దానికి ఇలాజ్, సెక్యూర్ బూట్‌ని కాసేపు ఆపి, లినక్స్‌లోకి వెళ్లి ఒక్క ఆజ్ఞతో ఆ రద్దు జాబితా తీసేసి, మళ్లీ సెక్యూర్ బూట్ పెట్టుకోవడం. లోపల ఒక్క ఫైలు కూడా చెక్కుచెదరలేదు. ఆ వారంలో ఎన్ని పెట్టెలు ఫార్మాట్ అయిపోయి ఉంటాయో అల్లాకే తెలుసు.

షాపు కుర్రాళ్లని తిట్టడానికి ఇది రాయలేదు. వాళ్లూ మన బచ్చాలే. ఇంటర్ తప్పో, డిగ్రీ అయ్యి ఉద్యోగం దొరక్కో చిన్న కొట్టు పెట్టుకుని హలాల్ రోజీ సంపాదిస్తున్నారు. తప్పు మన లావాదేవీలో ఉంది. ఫార్మాట్‌కి రేటు ఉంది. ఆలోచించడానికి రేటు లేదు. కుర్రాడు గంటసేపు వెతికి, రెండు ఆజ్ఞలతో పెట్టె లేపితే "రెండు మాటలు కొట్టావు, దానికి మూడొందలా?" అంటాం. అదే మూడు గంటలు పెట్టి మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తే, మెహనత్ చేశాడు పాపం అని జేబులోంచి తీసిస్తాం. హకీమ్ నబ్జ్ పట్టుకుని చూసినందుకు ఫీజు ఇస్తాం కదా, ఇక్కడ ఎందుకివ్వం? నా సలహా, షాపుకి వెళ్లినప్పుడు రెండే మాటలు చెప్పండి. "ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి నా ఫైళ్లు కనిపిస్తున్నాయేమో చూపించు. చూపించినందుకు డబ్బులిస్తాను." ఇది అడిగేవాళ్లు పదిమంది అయితే షాపులే నేర్చుకుంటాయి. "సీ డ్రైవ్‌లోవి పోతాయి, పర్వాలేదా?" అని వాళ్లు అడిగితే ఠక్కున తల ఊపకండి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి, డాక్యుమెంట్స్‌లో పెట్టుకున్నవి అన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. మన దగ్గర డెస్క్‌టాప్ మీద కాకుండా ఇంకోచోట పెట్టేవాళ్లు ఎంతమంది?

ఇంకో సంగతి మర్దులం మనం పెద్దగా పట్టించుకోం, ఇంట్లో ఆడపిల్లలు పట్టించుకుంటారు. ల్యాప్‌టాప్ షాపులో వదిలి రావడమంటే ఇంట్లో ఫోటోలన్నీ, మెసేజ్‌లన్నీ పరాయివాళ్ల చేతిలో పెట్టి రావడం. ముసాఫాకి కూడా చెయ్యి ఇవ్వని మగవాళ్లకి ఇంటి ఆల్బమ్ మొత్తం అప్పజెప్పి సాయంత్రం వస్తాం అని వెళ్లిపోతున్నాం. షాపు మనిషి నేకే కావచ్చు, బద్‌గుమానీ నాకొద్దు. కానీ అమానత్‌ని బాజారులో వదిలిపెట్టి, దొరికాక షుకర్ చేసుకోవడం ఎక్కడి తరీఖా? పర్దా గురించి గంటలు గంటలు మాట్లాడే ఇళ్లలో ఈ పర్దా సంగతి ఎవరూ ఎత్తరు. ఇంట్లో ఒక్క అమ్మాయికి ఈ హునర్ వస్తే ఆ ఇంటి ఇజ్జత్ ఆ ఇంట్లోనే ఉంటుంది. అమ్మాయి అని ఎందుకన్నానంటే, నేను చూసినంతలో నింపాదిగా తెర మీద వచ్చిన మాట పూర్తిగా చదివే సబ్ర్ వాళ్లకే ఉంది. మన కుర్రాళ్లు చదవకముందే ఎంటర్ కొడతారు.

"ఆ నల్ల తెర ఇంగ్లీషు మాకెక్కడ వస్తుంది సార్" అంటారు. మన బచ్చాల సంగతి ఒక్కసారి చూడండి. అయిదేళ్లకి అరబీ హరఫ్‌లు, ఆరేళ్లకి తెలుగు ఓనమాలు, ఏడేళ్లకి ఇంగ్లీషు, ఇంట్లో శ్రద్ధ ఉంటే పైన ఉర్దూ. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి, రెండు వైపుల నుంచీ చదవగలిగే పిల్లలు ప్రపంచంలో ఎంతమందికి ఉన్నారు? ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, కొత్త లిపి భయం ఎలా ఉంటుందో, ఎన్ని రోజులుంటుందో నాకు తెలుసు. ఇరవై ఆజ్ఞలు ఒక లెక్కే కాదు. ఒక్కటే షరతు. ఖురాన్ షరీఫ్‌ని అర్థం తెలియకుండా నాజిరా చదివినా హరఫ్‌కి హరఫ్ సవాబ్ ఉంది. కమాండ్ లైన్‌లో ఆ రహమత్ లేదు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పింది అర్థం తెలియకుండా కొడితే, పెట్టె మీరు చెప్పిందే చేస్తుంది, మీరు అనుకున్నది చెయ్యదు.

అల్-ఖ్వారిజ్మీ పేరు మీద ఫఖర్ చేసుకునే తఖ్‌రీర్లు జల్సాల్లో చాలా విన్నాం. ఆయన పేరు నుంచే అల్గారిదమ్ అన్న మాట పుట్టింది, నిజమే. ఆ తఖ్‌రీర్ రికార్డింగ్ ఉన్న పెట్టె తెరుచుకోకపోతే మాత్రం ఫార్మాట్ కొట్టిస్తాం.

ఈ గొడవ ఇప్పుడే ఎందుకు ఎత్తానంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. మన మదర్సాల్లో, ట్యూషన్ సెంటర్లలో, కమిటీ గదుల్లో ఉన్న పాత పెట్టెల్లో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. టీపీఎం 2.0 కావాలంటుంది, కొత్త రకం ప్రాసెసర్ కావాలంటుంది. అప్పుడు మిగిలే దారులు మూడు. కొత్తది కొనడం, దొంగ విండోస్‌తో ఎలాగోలా నెట్టుకు రావడం, లినక్స్ ఎక్కించుకోవడం. రెండో దాని మీద నా రాయ్ కటువుగానే ఉంటుంది. రాసిన హక్కు, కనిపెట్టిన హక్కు కూడా ఆస్తేనని, దాన్ని కాజేయడం కుదరదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలోనే చెప్పింది. హరామ్ చికెన్ దుకాణం దగ్గర అంత ఆరా తీసే మనం క్రాక్ చేసిన విండోస్ దగ్గర ఎందుకు నోరు మెదపం? మూడో దారి హలాల్, పైగా ముఫ్త్. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ని తెలుగులోకే తెచ్చింది. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. తెలుగు, ఉర్దూ నస్తాలీఖ్ రెండూ ఒకే తెర మీద, ఒకే ఫైల్లో రాసుకోవచ్చు. పాత అను ఫాంట్లలో, పాత ఇన్‌పేజ్ ఫైళ్లలో ఇరుక్కుపోయిన నా ఇరవై ఏళ్ల రాతల గురించి ఇంకోసారి ఏడుస్తాను.

అయితే పాత విండోస్‌ని అలాగే ఉంచి పక్కన లినక్స్ పెట్టుకునేవాళ్లే ఎక్కువగా ఉంటారు. రెండూ ఉన్నచోట దర్బాన్ గొడవ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. లినక్స్ ఎక్కించి ఇచ్చేవాళ్లు ఆ దర్బాన్‌ని మళ్లీ కూర్చోబెట్టడం కూడా నేర్పి వెళ్లాలి. నేర్పకపోతే మొదటి నల్ల తెరకే "ఆ లినక్స్ వల్లే పోయింది" అని మళ్లీ దొంగ సీడీకి పోతారు.

ఈ పని అన్ని రోగాలకీ కాదు, ఆ మాటా చెప్పాలి. డిస్కు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే, లేదా లైవ్‌లో కూడా డిస్కు కనపడకపోతే, అది దర్బాన్ సమస్య కాదు. అక్కడ ఒక్క ఆజ్ఞ కూడా కొట్టకుండా కరెంటు తీసెయ్యండి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో విండోస్ డిస్కుకి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది. బూట్ సెట్టింగులు మారిస్తే 48 అంకెల చాబీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే తీసి కాగితం మీద రాసి పెట్టుకోకుండా ఏదీ కదపకండి.

కమిటీలకి నాదొక దర్ఖాస్తు. వచ్చే నెలలో ఒక ఆదివారం, అసర్ నుంచి మగ్రిబ్ దాకా, మసీదు పక్క గదిలో ఒక పాత పెట్టె పెట్టండి. ఎవరికీ అక్కర్లేనిది, లోపల ఏమీ లేనిది. దాంట్లో లినక్స్ ఎక్కించి, గ్రబ్‌ని కావాలనే చెడగొట్టి, బచ్చాల చేత బాగు చేయించండి. మూడుసార్లు చెడగొడితే నాలుగోసారి ఎవరి సాయమూ అడగరు. ఆడపిల్లలకి వేరే రోజు, వేరే వేళ పెట్టండి, కానీ పెట్టండి. నేర్పడానికి ఒంగోలు నుంచో హైదరాబాదు నుంచో ఎవరో రానక్కర్లేదు. మీ ఊరి పిల్ల ఎవరో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకి వచ్చే ఉంటుంది. వఖ్ఫ్ కాగజ్‌ల స్కాన్లు మాత్రం ఆ ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే మూడు చోట్ల పెట్టండి. ఒకటి పెట్టెలో, ఒకటి సదర్ సాబ్ ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి ఊరికి అవతల ఎవరి దగ్గరైనా.

ఇంటికి కావలసింది 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి. పనిచేస్తున్న కంప్యూటర్ ఉన్నప్పుడే అందులో ఉబుంటు గానీ మింట్ గానీ లైవ్ ఎక్కించి పెట్టుకోవాలి, పెట్టె ఆగిపోయాక ఎక్కడ ఎక్కిస్తారు? స్కెచ్ పెన్నుతో దాని మీద "లైవ్" అని రాయండి, లేకపోతే ఎవరో ఒకరు నాత్‌లు ఎక్కించుకోవడానికి తుడిచేస్తారు. బీరువాలో నగల పక్కన దాచకండి, అవసరానికి దొరకదు. కరెంటు బిల్లులు, గ్యాస్ బుక్కు పెట్టే డబ్బా ఉంటుంది చూడండి, దాంట్లో వెయ్యండి.